పెరటి స్థలంలో తుంగ, గరిక: ఈ చలికాలంలో ఏం చేయాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నంలో పెందుర్తి వైపు. ఇంటి పక్కనే మాకు 240 గజాల ఖాళీ స్థలం ఉంది. ఎర్రమట్టి నేల. వానలకు నడుమెత్తున వయ్యారిభామ పెరిగింది, దాని కింద తుంగ, గరిక పరుచుకున్నాయి. మా వారు ఈ మధ్యే ఉద్యోగ విరమణ చేశారు. ఇంటికి సరిపడా కూరగాయలు అక్కడే పండించుకోవాలని ఇద్దరికీ కోరిక. ఇంగ్లండ్‌లో ఉంటున్న మా అబ్బాయిని అడిగితే, అక్కడ చలికాలమంతా నేల మీద అట్టపెట్టెలు పరిచి, నల్ల పట్టా కప్పి వదిలేస్తారని, వసంతంలో తీసి నాటుకుంటే కలుపు ఉండదని చెప్పాడు. ఎదురింటివారు రోటవేటర్ వేయించమంటున్నారు. ఎరువుల దుకాణంలో గడ్డిమందు కొట్టమన్నారు. ఉప్పు చల్లితే చాలని ఇంకొకరు అన్నారు. ఎవరి మాట వినాలి? ఉగాది దాకా నేలను అలాగే ఉంచి, తరువాత మొదలుపెడితే మంచిదా?
పాఠకురాలు, పెందుర్తి

సమాధానం: అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఉగాది దాకా ఆగకండి. విశాఖ చుట్టుపక్కల మొండి కలుపు మీద పైచేయి సాధించడానికి ఏడాదిలో దొరికే మంచి అదును మార్గశిరం నుంచి మాఘం దాకా ఉండే ఈ మూడు నెలలే. దీన్ని వదులుకుంటే మళ్లీ తొలకరికి మీ స్థలం తుంగ చేతిలోకే పోతుంది.

మీ అబ్బాయి చెప్పినది తప్పు కాదు, అక్కడికి అది సరైన పద్ధతి. ఇంగ్లండ్‌లో చలికాలం అంటే తడి కాలం. చలికి చాలా మొక్కల ఎదుగుదల ఆగిపోతుంది, వాన మాత్రం ఆగదు. ఖాళీగా ఉన్న నేల మీద వాన పడుతూ ఉంటే అందులోని పోషకాలు కరిగి కిందికి దిగిపోతాయి. అందుకే కప్పి ఉంచుతారు. అట్టలు ఆ తడికి నాని మెత్తబడి, వానపాముల సాయంతో వసంతానికల్లా మట్టిలో కలిసిపోతాయి. బరువైన బంకమట్టి ఉన్న చోట కప్పకుండా దున్ని వదిలేసేవారూ ఉంటారు. పెళ్లలలోని నీరు గడ్డకట్టి, మళ్లీ కరుగుతూ ఉంటే పెళ్లలు వాటంతట అవే విరిగి మట్టి పొడిపొడిగా అవుతుంది. ఆ పని వారికి మంచు ఉచితంగా చేసిపెడుతుంది.

మనకు ఆ మంచు లేదు. లంబసింగిలో కొన్ని ఉదయాలు నీరు గడ్డకట్టేంత చలి వేయవచ్చు గానీ, సముద్రం పక్కనున్న విశాఖలో సంక్రాంతి రోజుల్లో కూడా తెల్లవారుజామున 17, 18 డిగ్రీలంటేనే గట్టి చలి. ఆ చలికి తుంగ కాస్త నెమ్మదిస్తుంది తప్ప చావదు. అయితే వారికి లేని ఆయుధం ఒకటి మనకు ఉంది. అక్టోబరు, నవంబరు తుపాన్లు దాటాక డిసెంబరు నుంచి మార్చి దాకా ఇక్కడ చెప్పుకోదగ్గ వాన ఉండదు. పొడి గాలి, మబ్బు లేని ఎండ, దిగుతూ వచ్చే తేమ. మన చలికాలంలో కలుపును చంపగలిగేది ఈ పొడితనమే. ఇప్పుడు మీరు నేల మీద అట్టలు పరిచి పట్టా కప్పితే వానలకు నానిన ఆ తడిని లోపలే బంధించి, తుంగ గడ్డలను మీరే కాపాడినట్టు అవుతుంది. పైగా మన ఎర్రమట్టి నేలల్లో అట్టముక్క కనబడితే చెదలు వదలవు. గోడకు ఆనుకుని ఉన్న స్థలంలో చెదలకు అంత మేత పరిచి పెట్టడం ఇంటి తలుపులకూ కిటికీలకూ మంచిది కాదు.

మీరు చెప్పిన మూడు మొక్కల్లో అసలు సమస్య తుంగే. దాని బతుకు తెలిస్తే ఏం చేయాలో, ఏం చేయకూడదో మీకే తోస్తుంది. ప్రపంచంలోనే అతి మొండి కలుపుగా శాస్త్రవేత్తలు లెక్కించిన మొక్క ఇది. పైన కనబడే గడ్డి దానికి ముఖ్యం కాదు. భూమిలో సన్నని వేరుకాడలకు దండలో పూసల్లా నల్లని గడ్డలు వరుసగా ఉంటాయి. చాలావరకు జానెడు లోతులోపే ఉంటాయి, కొన్ని అడుగు దాకా దిగుతాయి. ఆ వరుసలో కొన గడ్డ మొలకెత్తినంత కాలం మిగతావి చాలావరకు నిద్రలో ఉంటాయి. మధ్యలో కాడ తెగిందంటే విడిపోయిన ప్రతి గడ్డా మేలుకుని సొంతంగా మొలుస్తుంది. పైన ఆకు లాగేస్తే గడ్డలో దాచుకున్న పిండిపదార్థంతో కొత్త ఆకు వేస్తుంది. ఆకు బయటికి వచ్చి ఎండ తగిలిన మూడు, నాలుగు వారాలకల్లా మళ్లీ కొత్త గడ్డలు కట్టడం మొదలుపెడుతుంది.

దానికి రెండు బలహీనతలున్నాయి. తడి ఆరిన గడ్డ బతకదు. నీడ పడితే ఆకు సాగదు, కొత్త గడ్డలు కట్టవు. మనం చేయబోయే పనంతా ఈ రెండింటి మీదే.

అందుకే రోటవేటర్ వద్దంటున్నాను. అది జానెడు లోతు మట్టిని చకచకా తిప్పి, ఒక్క పూటలో స్థలాన్ని చూడముచ్చటగా చేసి పెడుతుంది. కానీ ఆ తిరుగుడులో తుంగ దండలు ముక్కలవుతాయి, గరిక కాడలు కణుపు కణుపుకీ తెగుతాయి. గరికలో ప్రతి కణుపూ ఒక మొక్కే. ఒక మూల మాత్రమే తుంగ ఉన్నా, దాన్ని స్థలమంతా సమానంగా చల్లించినట్టు అవుతుంది. కలుపును పూర్తిగా అదుపు చేశాక, ఎప్పుడైనా పచ్చిరొట్టను, అంటే మట్టిలో కలిపేయడానికే పెంచే పచ్చటి పైరును, కలియదున్నడానికి ఆ యంత్రాన్ని పిలవండి, అప్పుడు ఉపయోగపడుతుంది. ఇప్పుడు మాత్రం గునపం, పార, వీలైతే ముళ్ల పార.

గడ్డిమందు సంగతి. దుకాణాల్లో ఈ పేరుతో ఇచ్చేవి ఒకే రకం కాదు. గ్లైఫోసేట్ అయితే ఆకు నుంచి గడ్డల దాకా దిగుతుంది, కానీ నిద్రలో ఉన్న గడ్డలకు చేరదు. అవి మళ్లీ మొలుస్తాయి, మళ్లీ కొట్టాలి. పైగా దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప ఇతరులు వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2,4-డి రకం మందు గాలికి కొట్టుకువచ్చి పక్కింటివారి టమాటా మొక్క మీద పడినా ఆకులు మెలితిరిగిపోతాయి. ఇక పారాక్వాట్. ఇది తుంగకు పైన ఆకును మాత్రమే మాడుస్తుంది. మనిషి పొరపాటున మింగితే మాత్రం దానికి విరుగుడు మందు లేదు. అలాంటి సీసా ఇంట్లో ఉండనే కూడదు. మనవలు వచ్చి ఆడుకునే పెరటి కోసం, మీ చేత్తో కోసి మీరే తినబోయే ఆకుకూర కోసం ఈ మందుల జోలికి వెళ్లవద్దని మిమ్మల్ని బతిమాలుతున్నాను. 240 గజాలు మనుషుల చేతులతో అయ్యే పని.

ఉప్పు అసలే వద్దు. కలుపుతో పాటు కూరగాయలూ రావు, ఆ నేలను మళ్లీ దారికి తేవడానికి ఏళ్లు పడుతుంది.

ఇక పని. స్థలాన్ని రెండు భాగాలుగా అనుకోండి. కుళాయికో బోరుకో దగ్గరగా ఉన్న 60 గజాలను ఈ చలికాలంలోనే కూరలకు సిద్ధం చేద్దాం. మిగిలిన 180 గజాలకు చుక్క నీరు పోయకుండా ఎండబెడదాం. మొత్తం ఒకేసారి మొదలుపెడితే కలుపు తీయడానికే మీ ఓపిక అయిపోతుంది. అలా మొదలుపెట్టి రెండు నెలలకే విసిగి వదిలేసిన పెరళ్లు ఎన్నో.

అన్నిటికంటే ముందు వయ్యారిభామ. అది ఇప్పటికే తెల్లపూలు పూసి ఉంటే ఇంకొక్క రోజు కూడా ఆగకండి. ఒక్కో మొక్క వేలకొద్దీ విత్తనాలు రాలుస్తుంది, అవి గాలికీ చెప్పుల మట్టికీ అంటుకుని ప్రయాణిస్తాయి. మన దేశంలో 1955 ప్రాంతంలో పుణేలో మొదట కనబడిన ఈ మొక్క ఇవాళ ఖాళీ స్థలం ఉన్న ప్రతి కాలనీలో ఉందంటే కారణం అదే. దాని పుప్పొడికి కొందరికి ఆయాసం వస్తుంది, ఆకు తగిలితే దురద, దద్దుర్లు వస్తాయి. కాబట్టి చేతులకు తొడుగులు, పూర్తి చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. నేల కాస్త తడిగా ఉన్నప్పుడు వేరుతో సహా పీకండి, కోస్తే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. పూత రాని మొక్కలను కంపోస్టు గుంటలో వేయవచ్చు. పూత వచ్చినవాటిని విడిగా గుంట తీసి లోతుగా పూడ్చండి. మరొక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇన్నాళ్లు పొదలా ఉన్న చోట పాములు ఉంటాయి. మోకాళ్ల దాకా బూట్లు వేసుకుని, కర్రతో తట్టుకుంటూ, ఇంటివైపు నుంచి బయటికి శుభ్రం చేసుకుంటూ వెళ్లండి. సులువని నిప్పు పెట్టకండి. ఆ పొగ చుట్టుపక్కల వారికి హాని, లోపలి పాములు పక్కిళ్లలోకి పారిపోతాయి.

పైన శుభ్రమయ్యాక ఆ 180 గజాలను తవ్వించాలి. ఇద్దరు కూలీలను పెట్టుకోండి, మీరిద్దరే చేయవద్దు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడిలో మార్గశిర గురువారాల పూజలు జరిగే రోజులు మీకు తెలుసు కదా, ఆ నెలంతా ఈ పనికి అనువైన సమయం. తుపాను కబురు ఏదైనా ఉంటే అది దాటేదాకా ఆగండి. నేల పదును మీద ఉండాలి. పిడికెడు మట్టి పట్టి నొక్కితే ముద్ద కట్టి, వేలితో తోస్తే విడిపోవాలి. అంతకంటే తడిగా ఉంటే పెళ్లలు ఇటుకల్లే గట్టిపడతాయి. బాగా ఎండాక ఎర్రమట్టిలోకి గునపం దిగదు.

జానెడు లోతు తగ్గకుండా, మట్టిని నరకకుండా ఎత్తి బోర్లించమని చెప్పండి. పెళ్లలను ఆ రోజే చిదపవద్దు. రెండు, మూడు రోజులు ఆరనిచ్చి అప్పుడు విరిస్తే తుంగ దండలు తెగకుండా మొత్తంగా చేతికి వస్తాయి. దొరికిన గడ్డలన్నీ ఏరి ఒక తట్టలో వేయండి. ఎంత ఏరినా కొన్ని మిగులుతాయి, దానికి దిగులుపడకండి. పైకి తేలిన గడ్డలు ఎండలో పది, పదిహేను రోజులు పడి ఉంటే ఎండి చచ్చిపోతాయి. సముద్రపు గాలి, రాత్రి మంచుబిందువుల తడి ఉండే మన ఊళ్లో ఇంకొక వారం కలుపుకోండి. సంక్రాంతి దాటాక రెండోసారి తిరగేయించండి. మొదటిసారి అడుగున ఉండిపోయినవి ఈసారి పైకి వస్తాయి. ఈ రెండు తవ్వకాల మధ్య అక్కడ ఒక్క బిందె నీరు కూడా పోయకూడదు. కూరల మడి నుంచి నీరు ఆ వైపు పారకుండా చిన్న గట్టు వేసుకోండి.

ఇలా నేలను వట్టిగా ఎండబెట్టడం ప్రతి ఏడాదీ చేసే పని కాదని కూడా చెప్పాలి. ఎండకు మట్టిలోని సేంద్రియ పదార్థం తరిగిపోతుంది, మేలు చేసే సూక్ష్మజీవులూ తగ్గుతాయి. మన ఎర్ర నేలల్లో అది ముందే తక్కువ. తుంగ అంత ఘోరంగా ఉంది కాబట్టి ఒక్క చలికాలానికి ఈ నష్టం భరించమంటున్నాను. తొలకరిలో పచ్చిరొట్టతో దాన్ని తిరిగి ఇచ్చేద్దాం.

గరిక పని ఇంతకంటే తేలిక. దాని కాడలు నేల మీద పాకుతూ, కొంత లోపలికి దిగుతాయి. తవ్వినప్పుడు కాడను పట్టుకుని మెల్లగా లాగితే బారెడు పొడవున వస్తుంది. తెంపకుండా లాగడమే ముఖ్యం. తీసిన గరికను గట్టు మీద పడేస్తే అక్కడే వేళ్లు పోసుకుంటుంది. సిమెంటు చప్టా మీద వేసి గలగలలాడేదాకా ఎండబెట్టండి.

ఏరిన తుంగ గడ్డలను మాత్రం కంపోస్టులో వేయకండి. ఇంటి కంపోస్టు కుప్పలో వాటిని చంపేంత వేడి పుట్టదు. ఎండబెట్టి ఉంచితే భోగి మంటలో వేయవచ్చు, అక్కడితో వాటి కథ ముగుస్తుంది. అదే భోగికి మీ వీధిలో ఎండుటాకులు, గడ్డి తెచ్చి మంటలో వేస్తుంటే మాత్రం ముందే అడిగి తెచ్చుకోండి. అవి మీ మడుల మీద పరచడానికి కావాలి.

ఇప్పుడు ఆ 60 గజాలు. ఇక్కడ తవ్వకం మరింత శ్రద్ధగా, చేతితో గడ్డలు ఏరుకుంటూ సాగాలి. ఇల్లు కట్టినప్పటి సిమెంటు పెచ్చులు, సున్నం, ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ అన్నీ తీసేయండి. మూడడుగుల వెడల్పున, అరడుగు ఎత్తున మడులు, మధ్య అడుగున్నర దారులు వేసుకోండి. మడిలో కాలు పెట్టకుండా రెండు వైపుల నుంచీ చేయి అందాలి.

మడులు సిద్ధమవగానే నాటేయాలని చేతులు ఊరుకోవు. ఒక్క మూడు వారాలు ఆగండి. మడులను తడిపి, పంట పెట్టబోతున్నట్టే తేమ నిలపండి. వారం, పది రోజుల్లో పై మట్టిలో ఉన్న కలుపు గింజలన్నీ పచ్చగా మొలుస్తాయి. రెండాకుల మీద ఉండగా దోకుడు పారతో పైపైన, అంగుళం లోతుకు మించకుండా గీకేయండి. మళ్లీ తడపండి, మళ్లీ మొలవనివ్వండి, మళ్లీ గీకండి. పంట లేని మడిలో కలుపు తీయడం నిమిషాల పని. అదే కొత్తిమీర మొలకల మధ్య ఊద గడ్డి ఏరాలంటే నడుం విరుగుతుంది. గీకేటప్పుడు లోతుగా తవ్వకండి, కింద నిద్రపోతున్న విత్తనాలను వెలుగులోకి తెచ్చినట్టు అవుతుంది. ఈ మధ్యలో మొలిచిన తుంగను మాత్రం గీకి వదలకుండా, సన్నని గునపంతో పక్కన గుచ్చి గడ్డతో సహా పెకలించండి.

మడుల తవ్వకం మొదలైనప్పుడే నారు పోసుకుంటే, ఈ మూడు వారాల్లో అది పెరుగుతూ ఉంటుంది. మొదటి ఏడాది నారు పోసి నాటే పంటలకే పెద్దపీట వేయండి. వంగ, టమాటా, మిరప, క్యాబేజీ. నెల వయసున్న నారు కలుపు కంటే ఒక అడుగు ముందు మొదలవుతుంది. వంగకు రెండడుగులు, టమాటాకు అడుగున్నర ఎడం చాలు. ఆకుకూరల్లో తోటకూర, పాలకూర, మెంతి, వాటితో ముల్లంగి వేసుకోండి, కానీ వెదజల్లకుండా వరుసల్లో విత్తండి. వరుసలో లేనిదంతా కలుపని చూడగానే తెలుస్తుంది. క్యారెట్, ఉల్లి ఈ ఏడాదికి వద్దు. అవి నెమ్మదిగా ఎదుగుతాయి, ఆకు సన్నం, నీడ వేయలేవు, తుంగ వాటిని మింగేస్తుంది. చిలగడదుంప తీగ నేలను చక్కగా కప్పుతుంది గానీ, తుంగ వేరుకాడల మొనలు దుంపల్లోకే గుచ్చుకుపోతాయి. అది వచ్చే ఏడాదికి ఉంచండి.

నాటిన తరువాత మొదటి నెల, నెలన్నర కీలకం. అప్పటిదాకా మడి శుభ్రంగా ఉంటే తరువాత పంట నీడ చాలావరకు చూసుకుంటుంది. రెండు వారాలకు మించకుండా తుంగ మొలకలు తీస్తూ ఉండండి. రెండు వారాలే ఎందుకంటే, కొత్త గడ్డ కట్టే వ్యవధి దానికి ఇవ్వకూడదు. ప్రతిసారీ పాత గడ్డలో నిల్వ కొంత తరుగుతుంది. ఒక నెల మానేస్తే అది మొత్తం తిరిగి కూడగట్టుకుంటుంది.

నీళ్ల విషయంలో గట్టిగా ఉండండి. వాన లేని ఈ నెలల్లో మీరు ఎక్కడ తడుపుతారో అక్కడే కలుపు మొలుస్తుంది. గొట్టం పట్టుకుని స్థలమంతా చిమ్మడం మానేసి, మొక్క మొదట్లోనే పోయండి. డ్రిప్పు పెట్టించుకోగలిగితే ఇంకా మంచిది. దారులు పొడిగా ఉంటే వాటిలో కలుపు తీసే పనే ఉండదు.

నారు నిలదొక్కుకున్నాక, మొక్కల మధ్య నేల కనబడకుండా మూడు, నాలుగు అంగుళాల మందాన ఏదో ఒకటి పరవండి. మన ప్రాంతంలో దీనికి కరువు లేదు. ఆనందపురం, సబ్బవరం వైపు కోతలయ్యాక వరిగడ్డి దొరుకుతుంది. దులిపి పరవండి, లేకపోతే మడిలో వరి మొలుస్తుంది. అనకాపల్లి చుట్టుపక్కల చెరకు నరికేది ఈ నెలల్లోనే, ఎండిన చెరకాకు చాలాకాలం నిలుస్తుంది. భీమిలి వైపు సరుగుడు తోటల కింద రాలిన ఆకు కూడా నెమ్మదిగా చివుకుతుంది కాబట్టి దారులకు బాగుంటుంది, తోట యజమానిని అడిగి తెచ్చుకోండి. కాండానికి ఆనించకుండా నాలుగు వేళ్ల ఎడం వదలండి. గింజ నుంచి వచ్చే కలుపు ఈ పొర కింద ఆగిపోతుంది. తుంగ దాన్ని చీల్చుకుని వస్తుంది, కానీ మెత్తటి తడి మట్టిలోంచి అప్పుడు సులువుగా ఊడుతుంది. నల్ల ప్లాస్టిక్ మల్చింగ్ షీటు కూడా మిగతా కలుపును ఆపుతుంది గానీ, తుంగ మొన పలుచని షీటును సూదిలా పొడుచుకుని పైకి వస్తుంది. ఆ ఖర్చు ఈ ఏడాది దండగ.

ఎరువు సెంటుకు 100 కిలోల చొప్పున చివికిన పశువుల పెంట చాలు. మీ 60 గజాలు సెంటున్నర లోపే. చివికినది అంటే చేతిలోకి తీసుకుంటే వేడి, దుర్వాసన లేకుండా పొడిపొడిగా ఉండాలి. పచ్చి పేడలో పశువులు మేసిన గడ్డి గింజలు చావకుండా వస్తాయి. ఎంత శ్రమపడి కలుపు తీసినా ఒక ట్రక్కు పచ్చి పెంటతో మళ్లీ తెచ్చుకున్నట్టే. సెంటుకు రెండు కిలోల వేపపిండి కలిపితే మంచిది, చెదలు కూడా కొంత తగ్గుతాయి. ఎండబెడుతున్న భాగానికి ఇప్పుడు ఏ ఎరువూ వేయకండి.

మడుల్లో మొలిచేవన్నీ పీకి పారేసేవి కావు. గంగవాయిలి, చిలకతోటకూర, పొనగంటి, తెల్లగలిజేరు మన ఇళ్లలో వండుకునేవే. వాటిని పూతకు రాకముందే కోసి పప్పులో వేసుకోండి. ఏ మొక్కో కచ్చితంగా తెలియనిది మాత్రం వండవద్దు. ఇన్నాళ్లు చెత్త పడిన మూల మొలిచినవి కూడా తినవద్దు.

ఫాల్గుణంలో ఆ 180 గజాలను ఒకసారి పరీక్షించండి. మొత్తం కాకుండా అక్కడక్కడ చాపంత మేర తడిపి, పది రోజులు చూడండి. ఎన్ని తుంగ మొలకలు వస్తాయో చూస్తే ఎంత మిగిలిందో తెలుస్తుంది. వచ్చినవాటిని గడ్డతో తీసేయండి. తరువాత ఎండాకాలం చేసే పని ఒకటుంది. ఏప్రిల్ నెలాఖరుకు, సింహాచలం చందనోత్సవం రోజుల్లో ఎండ ముదురుతుంది. అప్పుడు నేలను చదును చేసి, బాగా తడిపి, పారదర్శకమైన పాలిథిన్ షీటును నేలకు ఆనించి పరిచి, అంచులను జానెడు కాలువలో పూడ్చండి. నాలుగు నుంచి ఆరు వారాలు కదపకండి. లోపల పై మట్టి 50 డిగ్రీల దాకా కాగి, పైపొరలోని కలుపు గింజలు ఉడికిపోతాయి. లోతైన తుంగ గడ్డలు కొన్ని తప్పించుకుంటాయి, వాటికి పాత మందే, రెండు వారాలకొకసారి గునపం. షీటు తీశాక లోతుగా దున్నకండి, కింది గింజలు మళ్లీ పైకి వస్తాయి.

మృగశిర కార్తె వానలు పడగానే ఆ భాగమంతా జనుము, అలసంద కలిపి ఒత్తుగా చల్లండి, సెంటుకు పావు కిలో దాకా. వేగంగా లేచి నేలను నీడతో కప్పేస్తాయి. తుంగకు అదే గిట్టదు. పూత మొదలయ్యే వేళకు, అంటే ఆరు, ఏడు వారాలకు, కోసి మట్టిలో కలిపేయండి. ఎండకు తరిగిన సత్తువ కొంత తిరిగి వస్తుంది. భాద్రపదం నాటికి మొత్తం 240 గజాల్లోనూ కూరలు వేసుకోవచ్చు. ఆలస్యమని మీకు అనిపించవచ్చు. తుంగ ఉన్న నేలలో ఇంతకంటే దగ్గరి దారి ఎవరైనా చెబితే నమ్మకండి.

సరిహద్దు సంగతి కూడా చూసుకోవాలి. పక్క స్థలం ఖాళీగా ఉంటే గరిక అటునుంచి మళ్లీ పాకుతుంది. హద్దు వెంబడి జానెడు వెడల్పు, అడుగు లోతు కాలువ తీసి, నెలకొకసారి అందులోకి వచ్చిన కాడలు తెంపేయండి. పక్క స్థలం యజమానితో మాట్లాడి, గోడకు అవతల మూడడుగుల మేర వయ్యారిభామను పూతకు ముందే మీరే పీకించండి. ఆ ఖర్చు ఎవరిదన్న పట్టింపు పెట్టుకోకండి, విత్తనాలు పడేది మీ మడుల్లోనే.

ఎరువు వేయకముందే మట్టి పరీక్ష చేయిస్తే మంచిది. స్థలంలో ఏడెనిమిది చోట్ల జానెడు లోతు గుంట తీసి, పక్క నుంచి పలుచగా మట్టి తీసి, అంతా కలిపి నీడన ఆరబెట్టి, అరకిలో గుడ్డ సంచిలో వేసి వ్యవసాయ శాఖ భూసార పరీక్ష కేంద్రానికి పంపండి. భవన శిథిలాలు పడిన చోట మట్టిలో క్షారం పెరిగి ఉండవచ్చు, ఆ సంగతి వారికి ముందే చెప్పండి. ఎండాకాలంలో పరిచే షీటు కొనేటప్పుడు నల్లనిది ఇవ్వబోతారు, తీసుకోకండి. ఎండ లోపలికి దిగాలంటే 25 నుంచి 50 మైక్రాన్ల పారదర్శకమైనదే కావాలి.